ధనలక్ష్మి అనుమతి లేదు

"సింధూ... ఒసే సింధూ, దీపాలేళయింది, లోపలికి రాయే."

హైమ మళ్ళీ పిలిచింది. వరండాలో ధాన్యం బస్తాల మీద కూర్చున్న పిల్ల తల తిప్పలేదు. ఒళ్ళో ఫోను. ఆ వెలుగు గడ్డం కిందనుంచి నీలంగా పడి, పదేళ్ళ మొహం ఎవరో పెద్దామె మొహంలా ఉంది.

తిత్లీ తుఫాను దాటినా ఆమదాలవలసకి కరెంటు రాలేదు, ఫోన్లకు సిగ్నలూ లేదు. ముందున్న ధాన్యం దుకాణంలోకి నీళ్ళొస్తే బస్తాలన్నీ వెనక ఇంట్లోకి చేరవేశారు. తడిసిన ధాన్యం పులిసి, తీయగా, కుళ్ళుగా వాసనేస్తోంది. చూరు నుంచి నీటిబొట్లు. టప్... టప్... చార్జింగు పెట్టే దారి లేక ఇంట్లో ఫోన్లన్నీ చచ్చిపడున్నాయి. సింధు ఫోను మాత్రం వెలుగుతూనే ఉంది.

అక్క ధనలక్ష్మి పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పిల్లని చూసుకోడానికని హైమ ఈ ఇంటికొచ్చింది. అక్క అత్తగారు అప్పలనరసమ్మ ఒకసారి, ఎలాగూ ఇక్కడే ఉన్నావు, ఆ మూడుముళ్ళూ కూడా పడిపోతే బాగుణ్ణే అని గొణిగితే, నేను పాప కోసమే ఉన్నానత్తా అని తెగేసి చెప్పింది. కానీ ఆరేసిన బావ చొక్కా చేతులు గాలికి తన వైపు ఊగితే చాలు, ఆ పూట హైమకి ముద్ద దిగేది కాదు. ఆ సంగతి పైకి అనడం మాట అటుంచి, అక్క ఫొటో ఉన్న గదిలో మనసులో అనుకోడానికి కూడా జంకేది.

బావ చంద్రమౌళి వేసవిలో కూతురికి ఫోను కొన్నాడు. అందులో ఏదో పాడు వీడియో చూసి పిల్ల జడుసుకుని జ్వరం తెచ్చుకుంది. చెడ్డ సైట్లు రాకుండా తాళం వెయ్యమని హైమకే అప్పగించాడు. పిల్లకి కాపలా ఎవరని యాప్ అడిగింది. పేరు, నంబరు. తన పేరు కొట్టబోయి హైమ ఆగింది. వద్దమ్మా అని చెప్పేది కన్నతల్లయితే ఎంత బాగుంటుంది! ఆ ఊహకే ఆమె కళ్ళు చెమర్చాయి. ధనలక్ష్మి అని కొట్టి అక్క నంబరిచ్చింది. బీరువాలోంచి అక్క ఫోను తీసి, దానికొచ్చిన ఓటీపీ అంకెలు చూసి కొట్టి, మళ్ళీ ఆపేసి చీరల కింద పెట్టేసింది.

ఆ వర్తకుల ఇంట్లో ఒక కట్టుబాటుంది. సంవత్సరీకం వెళ్ళేదాకా పోయినవాళ్ళ పేరున కొత్త పనేదీ పెట్టరు. పనప్పగిస్తే చెయ్యడానికొస్తారని అప్పలనరసమ్మ అంటుంది. ఆ రోజు హైమకి అది గుర్తుకు రాలేదు.

మొదట్లో బాగానే ఉండేది. చెడ్డదేదైనా తెరుచుకోబోతే 'ధనలక్ష్మి అనుమతి లేదు' అని వచ్చేది. అమ్మ సూస్తన్నాది పిన్నీ అని సింధు మురిసిపోయేది. తర్వాత ఆటలు మూసుకుపోయాయి. ఆ తర్వాత హైమతో దిగిన ఫొటోలు. తాళం తీద్దామంటే హైమ పెట్టిన పాస్‌వర్డే తప్పంది. ఫోను పాడైందనుకుంది.

ఇప్పుడు దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యేసింది. ఈగ వాలినట్టు పిల్ల భుజం విదిలించుకుంది. గడ్డం పట్టుకుని ఎత్తితే ఆ కళ్ళు హైమని దాటి, వెనకున్న వానని చూశాయి. ఫోను మీద కొత్త అక్షరాలు.

'హైమ: బ్లాక్ చేయబడింది. కాపలా: ధనలక్ష్మి.'

హైమ బీరువా దగ్గరికి పరిగెత్తింది. చీరల కింద చెయ్యి పెట్టింది. అక్క ఫోను ఆగిపోయే ఉంది. నల్లగా. కానీ... వెచ్చగా ఉంది. అప్పటిదాకా ఎవరో చెవికి ఆనించుకున్నట్టు.

దేవుడి గదిలో అప్పలనరసమ్మ వత్తులు చేసుకుంటోంది. పాప పలకట్లేదత్తా అని హైమ ఏడుపు గొంతుతో చెప్పింది. ముసలామె వేళ్ళు ఆగలేదు. హైమ వంగి, ఆమె చెవి పక్కనే గట్టిగా పిలిచింది. పత్తి పోగు కదిలింది గానీ... ఆమె తలెత్తలేదు.

హైమ మళ్ళీ వరండాలోకొచ్చి పిల్ల ఒళ్ళోని ఫోను చూసింది. 'అనుమతి అడగండి' అని ఉంది. నొక్కింది.

'ఇంట్లో ఎందుకున్నారో చెప్పండి.'

పాప కోసం, అని కొట్టింది.

'ధనలక్ష్మి అనుమతి లేదు.'

పాప కోసమే అక్కా, ఒట్టు, అని కొట్టింది.

'అనుమతి లేదు.'

అక్క ఏం అడుగుతోందో హైమకి తెలుసు. చెప్పేస్తే పిల్ల మళ్ళీ తన వైపు చూస్తుందేమో. కానీ పిల్ల ముందు, అక్కతో, ఆ మాట ఎలా చెప్పడం? వేలు తెర దాకా తెచ్చింది. ఒక్క అక్షరమైనా కొట్టకుండానే వెనక్కి తీసుకుంది.

వీధి తలుపు చప్పుడైంది. గొడుగు ముడుస్తూ చంద్రమౌళి వచ్చాడు. బావని చూడగానే ప్రాణం లేచొచ్చి హైమ ఎదురెళ్ళింది. ఆమె ముఖం మీదకే చూస్తూ, ఆమెని చూడకుండా, అతను కూతుర్ని అడిగాడు.

"మీ పిన్నేదే?"

సింధు వెంటనే తలెత్తింది.

"వంటింట్లో ఉన్నాది నాన్నా."

వంటిల్లు చీకటి. అక్కడ దీపం కూడా పెట్టలేదు. లోపల గిన్నె పక్కకు జరిగింది... తర్వాత అడుగులు. మెల్లగా. గచ్చు మీద మెట్టెలు తగులుతున్న చప్పుడు. హైమకింకా పెళ్ళే కాలేదు.

అడుగులు గడప అవతల ఆగాయి. పులిసిన ధాన్యం వాసన గుప్పుమంది.

"బావా..."

అది హైమ గొంతే. హైమ పెదవులు మాత్రం బిగుసుకుపోయి ఉన్నాయి.

"పాప కోసమని అందరికీ అబద్ధం సెప్పినాను బావా. నీ మీద ఆశతోనే ఈ ఇంట్లో ఉండిపోనాను."