కుడివైపు కూనిరాగం

దుంగలో మేకు ఎక్కడ దాగుందో రంపం తగలకముందే చెవితో పసిగట్టే మొనగాడు లోకంలో ఒక్కడే. ఆయన మా కోతమిల్లు పెద్దాయన. చీమ దగ్గితే అది జలుబు దగ్గో పొడి దగ్గో చెప్పగల చెవులాయనవి.

అంతటి చెవులున్న మనిషి ఒక పొద్దున రొట్టె తుంచుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఇల్లాలు ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంది. మడతలు పెట్టీ పెట్టీ ఆవిడ భుజాలు పట్టేశాయి. ఇంటికొచ్చి గోడతో మాట్లాడినట్టు మాట్లాడీ మాట్లాడీ నోరూ అలిసిపోయింది. ఎప్పటిలాగే పొయ్యి పక్కన, ఆయనకి కుడివైపు కూర్చుని, గొంతు పెంచే ఓపిక లేక మెల్లగా అంది.

"ఇక నా వల్ల కాదండీ. చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నాను. మళ్లీ రాను."

"మంచిదే," అన్నాడాయన నములుతూ.

ఆవిడకి ఏడుపు రాలేదు. ఏడవడానికీ ఓపిక కావాలిగా. సంచీ తీసి చీరలు సర్దడం మొదలుపెట్టింది.

అంతలో కూతురొచ్చింది. పాటలు రికార్డు చేసే చోట, విడివిడిగా పట్టిన వాద్యాలనూ గొంతులనూ కలిపి కూర్చడం ఆ పిల్ల పని. మొదటిసారి సొంతంగా ఒక పాట కూర్చిందట. ముందు అమ్మే వినాలని, సర్దుతున్న చేతుల్ని ఆపి హెడ్‌ఫోన్స్ తగిలించింది.

ముందు ఇల్లు మాయమైంది, వీధి రొద మాయమైంది. పక్కవీధిలో ఎవరో నడిచి వస్తున్నట్టు డోలు మొదలైంది. దాని మీద తీగల వాద్యం, ఇస్త్రీ వేడి పోని దుప్పటిలా పరుచుకుంది. ఆ పైన వేణువు ఇంకో మడత. ఒకదాన్ని పట్టుకుని వింటే మిగతావి పక్కకి తప్పుకుని దారిస్తున్నాయి. ఆవిడ భుజాలు వాటంతటవే దిగాయి. అన్నిటికన్నా అడుగున, కుడిచెవి దగ్గర, ఎవరిదో అలిసిన గొంతు కూనిరాగం తీస్తోంది. ఆ గొంతు తనదే. బట్టలు మడతపెడుతూ పాడుకుంటుంటే కూతురు దొంగతనంగా పట్టేసిందట.

"మీ నాన్నకీ పెట్టు," అంది. ఏ మూలో ఆశ ఇంకా చావలేదు.

ఆయన కళ్లు మూసుకుని, కాలితో తాళం వేస్తూ విన్నాడు. హెడ్‌ఫోన్స్ తీసి, డోలు వాయించినవాడెవడో దంచేశాడన్నాడు.

ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడింది. "మరి నేను?"

"నువ్వెక్కడున్నావు ఇందులో?"

"ఇన్నేళ్లూ ఇంట్లో వినలేదు, సరే. చెవికి ఆనించి పెట్టినా నేను వినబడలేదా? ఇందాక వెళ్లిపోతానంటే మంచిదే అన్నారు."

"ఎక్కడికి వెళ్తావు? ఎప్పుడన్నావు?" ఆయన మొహం పాలిపోయింది.

అమ్మ గొంతుని కుడివైపు మాత్రమే పెట్టిన సంగతి కూతురికి అప్పుడు తట్టింది. హెడ్‌ఫోన్స్ అటుది ఇటు తిప్పి ఆయనకి తగిలించి, పాట మళ్లీ పెట్టింది. ఇందాక తాళం వేసిన కాలు ఈసారి కదల్లేదు. ఆయన ఎడమచెవిని అరచేత్తో అదిమి పట్టుకున్నాడు.

"నువ్వే," అన్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. రంపం రొదకి కుడిచెవి ఎప్పుడో పోయింది. తెలిస్తే రంపం దగ్గర్నుంచి తీసేసి గేటు దగ్గర కూర్చోబెడతారని భయం. అందుకని మిల్లులోనూ ఇంట్లోనూ మాట వినబడకపోయినా 'సరే', 'మంచిదే' అంటూ నెట్టుకొచ్చాడు. మేకు సంగతంటారా, అది నేను కోసిన కోత. ఆయన ఎన్ని రంపాల పళ్లు రాలగొట్టాడో మిల్లు యజమానినడగండి.

"నాకైనా చెప్పకూడదా?" అంది ఆవిడ.

"నన్ను క్షమించవే," అన్నాడాయన.

ఇదంతా జరిగిందే, ఆ చివరి మాట తప్ప. కథ అందంగా ఉంటుందని నేనే దాన్ని ఆయన నోట్లో పెట్టాను. ఆయన చేసిందల్లా కుర్చీ ఎత్తి, ఆవిడ తన ఎడమపక్కకి వచ్చేలా వేసుకుని, "మొదటి నుంచి చెప్పు," అనడమే. పొద్దు నడినెత్తికొచ్చినా ఆవిడ ఇంకా చెబుతూనే ఉంది.