మందు మందు కాదు

పెద్దాయన మెట్ల మీద నుంచి పడి చనిపోయాడన్నారు. తాగి పడ్డాడన్నారు. పక్కన సగం ఖాళీ అయిన విస్కీ సీసా ఉంది. చొక్కా నిండా వాసన ఉంది. పోలీసులకు లెక్క సరిపోయింది.

త్రాసుకు సరిపోలేదు.

ఇంటెలిజెన్స్ డిపార్ట్‌మెంట్‌లో అతన్ని అందరూ త్రాసు అనే పిలుస్తారు. పన్నెండేళ్ల సర్వీసులో ఎక్కువ భాగం టోకు వ్యాపారి వేషంలోనే గడిచింది. ఆ వేషం ఒంటికి పట్టేసింది. మనిషిని చూసినా సరుకును చూసినట్టే చూస్తాడు. పైన పేర్చింది వదిలేసి, అడుగున ఉన్నది తీయించి చూస్తాడు.

"సీసా ఉంది, చొక్కా తడిసింది. గ్లాసు ఎక్కడ సార్?" అన్నాడు, చీఫ్ ముందున్న ఫొటోను వేలితో జరిపి.

"లేదు."

"టీ కూడా సాసర్‌లో చల్లార్చుకుని తాగేవాడని మీ రిపోర్టులోనే ఉంది. అలాంటి మనిషి సీసా ఎత్తి తాగాడా?"

చీఫ్ రెండో ఫొటో బయటికి తీశాడు. పెద్దాయన పిడికిట్లో దొరికిన చీటీ. వణుకుతున్న అక్షరాలు: మందు మందు కాదు.

"తాగుబోతు రాత అని పోలీసులు పక్కన పడేశారు. దీని సంగతి నీకూ నాకూ కేసు చూసిన ఇన్‌స్పెక్టర్‌కీ తప్ప ఎవరికీ తెలీదు."

"ఈయన చేసే పనేమిటి?"

"ఆంటాలజీ. ఏ వస్తువు ఏ రకానిదో, దేనికి దేనితో సంబంధమో కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాసే పట్టిక. అందులో వాక్యాలు మూడే రకాలు. ఒకటి, ఇది దానిలో ఒక రకం. రెండు, ఇదీ అదీ ఒకటే. మూడు, ఇది అది కాదు. మిగతాది మెషీనే తేల్చుకుంటుంది. కుర్చీ సామానులో ఒక రకం, సామాను లారీ సరుకులో ఒక రకం అని రాస్తే చాలు. కుర్చీ లారీలో పోతుందని వేరే చెప్పక్కర్లేదు. క్వారీల వాళ్లు రాసుకున్న పట్టిక, ఆసుపత్రులది, రైల్వేది, అన్నీ కలిపి ఈయన ఒకటిగా కట్టాడు. రేవు గేటుతో సహా నలభై ఆఫీసులు వెబ్‌లోంచి దాన్నే తెచ్చుకుని వాడుకుంటాయి."

"తూకంరాయి అన్నమాట. ఆ ఒక్క రాయిలో తేడా వస్తే బజారు మొత్తం తేడానే."

"కొత్త ఎడిషన్ ఇవాళ పన్నెండింటికి విడుదల. నిన్న ఒక విదేశీ ముఠా మెసేజ్ పట్టుకున్నాం." చీఫ్ కాగితం చూసి చదివాడు. "'పన్నెండింటికి మందు ఆసుపత్రికి చేరుతుంది. గేటు తానే తెరుచుకుంటుంది.' అంటే రేవు గేటు దాటగానే ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రి. విషం కలిపిన మందులేమోనని తెల్లవారుజాము నుంచి స్టోరులో ప్రతి పెట్టే టెస్ట్ చేయించాం. అన్నీ శుభ్రంగా ఉన్నాయి."

త్రాసుకు ఆ చోటు కొత్త కాదు. ఆ ఆసుపత్రి మందుల స్టోరు ఇన్‌చార్జి అతని అక్క. దాని పై అంతస్తులో పిల్లల వార్డు.

"అక్కకి చెప్పకు," అన్నాడు చీఫ్, గొంతు తగ్గించి. "ఆవిడ వార్డు ఖాళీ చేయిస్తే ముఠా ఇంకో రోజు చూసుకుంటుంది. ఆ రోజు మనకి తెలియదు."

"విడుదల ఆపించొచ్చుగా?"

"ఆపించినా అంతే. పైగా పెద్దాయన ఆఫీసులో ఎవరు ఎవరి మనిషో తెలీదు. లోపల ముత్యం ఉంది. కన్సల్టెంట్. ముఠాలో మనం పెట్టిన మనిషి."

"మన మనిషేనా?"

"మన జీతం తీసుకుంటుంది."

"వాళ్లది?"

"అదీ తీసుకుంటుంది," అన్నాడు చీఫ్. "అందుకే చీటీ సంగతి ఆమెకి చెప్పలేదు."

పదకొండుంపావుకు త్రాసు ఆ ఆఫీసులో ఉన్నాడు. భుజాన సంచి, చెవిలో పెన్సిలు, చొక్కా గుండీలో కెమెరా. పట్టికలు రాసేవాళ్లు బజారు మనుషులను పిలిపించి ఏ సరుకును ఏమంటారో అడుగుతుంటారు. సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్ అంటారు వాళ్లను. అలా వచ్చాడు.

పొడవాటి గది. కిటికీలకు పరదాలు. తెల్లబోర్డు మీద గీతలతో కలిపిన గళ్లు. గోడకు పెద్ద తెర, దాని మీద రేవు గేటు వైపు వస్తున్న లారీల జాబితా. కొత్త ఎడిషన్‌ను అసలు లారీల మీదే పరీక్షిస్తున్నారు. మూలన పెద్దాయన బల్ల, ఇంకా ఎవరూ సర్దలేదు. బోర్లించిన సాసర్ అలాగే ఉంది. ఆ పక్కన పనిచేస్తున్న నలుగురూ మాటలు ఆపి కొత్త మనిషిని కిందా మీదా చూశారు.

ముత్యాల లోలాకులు, ముదురాకుపచ్చ చీర, బల్ల అంచున తేలిగ్గా ఆనుకుని ఒకావిడ. నవ్వితే ఎదుటివాడు లెక్క మరిచిపోయే నవ్వు.

"షావుకారు గారూ, గొడుగు ఏ రకం వస్తువండీ?"

"వాన కురిస్తే కప్పు, వెలిస్తే బరువు."

కోడ్ కలిసింది. ఆమె గొంతు పెంచి, అందరికీ వినపడేలా అడిగింది. "మరి చీపురు? ఇంటి సామానా, పనిముట్టా?"

"కొనేవాడికి ఇంటి సామాను. ఊడ్చేవాడికి పనిముట్టు. మా ఆవిడ చేతిలో ఉంటే ఆయుధం."

నలుగురూ నవ్వారు. ఎవరి పనిలోకి వాళ్లు వెళ్లిపోయారు. ఆమె వంగి, తెర చూపిస్తున్నట్టు నటిస్తూ గుసగుసగా చెప్పింది.

"ఏడువేల రెండు వందల పద్నాలుగో వాక్యం. తుపాకీమందు, మందులో ఒక రకం. వాళ్లు దూర్చింది అదే. మందులు అర్జెంటు సరుకు కాబట్టి రేవులో తనిఖీ లేదు. తీసేయండి, పని అయిపోతుంది."

త్రాసు చూశాడు. నిజంగానే ఉంది. తీసేశాడు. అప్పుడు పదకొండు ముప్పై అయిదు.

"అయిపోయింది కదా," అంది ముత్యం, లోలాకు సవరించుకుంటూ. "పాపం పెద్దాయన. చివరిదాకా మందు మందు కాదు అని గొణుగుతూనే పోయాడు."

త్రాసు చేతిలో పెన్సిలు ఆగింది. చివరిదాకా? చివర్లో ఆయన పక్కన ఉన్నదెవరు? చంపినవాళ్లు తప్ప ఎవరూ లేరు.

పైకి ఏమీ అనలేదు. లోపల లెక్క మళ్లీ మొదలుపెట్టాడు. అడగకముందే ఇచ్చింది. బేరం లేకుండా ఇచ్చింది. అంత సులువుగా వదిలిందంటే అది అసలు సరుకు కాదు, చూపించడానికి పెట్టుకున్న మచ్చు. అసలుది ఇంకెక్కడో ఉంది. పదకొండువేల వాక్యాల్లో ఎక్కడని వెతకాలి?

వాక్యాలు వదిలేసి గోడ మీద లారీలు చదవడం మొదలుపెట్టాడు. సరుకు అబద్ధమాడినా పంపినవాడి పేరు ఎక్కడో ఒకచోట నిజం చెబుతుంది. ఆసుపత్రికి వెళ్లే లారీలు పదకొండు. దూది, సెలైన్, సూదులు, సిరప్‌లు. తొమ్మిదో లారీ దగ్గర చూపు ఆగింది.

సరుకు: మందు. పంపినవారు: రాళ్ల కంపెనీ. తనిఖీ: అవసరం లేదు. గేటుకు చేరే సమయం: పన్నెండు గంటల ఒక నిమిషం.

రాళ్ల కంపెనీ ఆసుపత్రికి మందు పంపడమేమిటి? క్వారీల్లో మందు అంటే ఒకటే. రాతికి తూటు పొడిచి, కూరి, దూరంగా పరిగెత్తేది.

ముత్యానికి వినపడకుండా కిటికీ దగ్గరికి నడిచాడు. సంచిలోంచి ఫోన్ తీసి చీఫ్‌కు కలిపాడు. "తొమ్మిదో లారీ. పేలుడు మందు. గేటు దగ్గర ఆపించండి."

"గేటు దగ్గర మనిషే లేడయ్యా, ఆర్నెల్ల కిందటే తీసేశారు. జీపు పంపిస్తున్నా. పది నిమిషాలు."

గడియారంలో పదకొండు యాభై రెండు. వెంటనే అక్కకు చేశాడు.

"అక్కా, ఇవాళ లారీ ఏదైనా వస్తే దింపించుకోకు."

"ఏం మాటరా అది? వారం నుంచి సిరప్ లేక పై వార్డులో పిల్లలు దగ్గి దగ్గి చస్తుంటే! నువ్వు పప్పులమ్ముకో, నా లారీల జోలికి రాకు." పెట్టేసింది.

లారీని ఆపలేడు. అక్కను కదపలేడు. మిగిలింది పట్టిక ఒక్కటే. క్వారీ పట్టికలో ఒక మందు, ఆసుపత్రి పట్టికలో ఒక మందు. పెద్దాయన రెండిటినీ విడివిడిగా ఉంచాడు. ఇదీ అదీ ఒకటే అని ఎవరో ఎక్కడో ఒక్క వాక్యం దూర్చారు. అది దొరకదు. పదకొండు యాభై ఎనిమిది.

అప్పుడు చీటీ గుర్తొచ్చింది. వాక్యాలు మూడే రకాలు. ఇది అది కాదు.

పెద్దాయన గొణగలేదు. టైప్ చేయవలసిన వాక్యం రాసిచ్చి పోయాడు!

త్రాసు వెనక్కి వచ్చి కీబోర్డు లాక్కున్నాడు. మందు మందు కాదు. మెషీన్ అడిగింది: ఏ మందు? క్వారీ, ఆసుపత్రి అని రెండు పేర్లు చూపించింది. క్వారీ నొక్కాడు. మళ్లీ అడిగింది: ఏ మందు?

పక్కటెముకలకు చల్లగా ఏదో తగిలింది. లిప్‌స్టిక్ గొట్టం, దాని కొసన సన్నని సూది.

"వేలు తీయండి షావుకారు గారూ," అంది ముత్యం చాలా మెల్లగా. "ఇది కూడా మందే."

"ఎంతిస్తావు తీస్తే?"

ఆమె ఒక్క క్షణం ఆగింది. బేరం అనే మాట వినపడితే ఎవరైనా ఆ ఒక్క క్షణం ఆగుతారు. ఆ క్షణంలో త్రాసు ఎడమచేత్తో గొట్టాన్ని పక్కకు నెట్టి, కుడివేలితో ఆసుపత్రి నొక్కాడు. సూది చొక్కా చించుకుని మోచేతి మీద ఎర్రటి గీత గీసి, బల్లకు గుచ్చుకుని విరిగింది. మందు బల్ల మీద కారింది.

పన్నెండు కొట్టింది. తెర మొత్తం ఎర్రబడింది. "వైరుధ్యం. ఈ రెండూ ఒకటే అని ఉంది, ఒకటి కాదనీ ఉంది. మనిషి వచ్చి చూసేవరకు గేట్లు మూసి ఉంటాయి." ఒక్క నిమిషానికి గేటుకు చేరిన తొమ్మిదో లారీ ముందు అడ్డుకర్ర దిగింది. డ్రైవర్ తలుపు తీసుకుని పరిగెత్తాడు. ఎదురుగా వచ్చిన చీఫ్ జీపులోకే నేరుగా.

త్రాసు సంచిలోని చీటీ ఫొటో తీసి చూపించాడు. ముత్యం లోలాకులు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ ముసలాయన చీటీ కూడా రాశాడన్నమాట," అంది. లోలాకుల్లో ఒకటి ఇంకా మెల్లగా ముఠాకు సంకేతాలు పంపుతూనే ఉంది.

రెండింటికి త్రాసు ఆసుపత్రి స్టోరులో స్టూలు మీద కూర్చున్నాడు. సూది మొన మాత్రమే తగిలిందనీ, గీత పడిందే తప్ప విషం లోపలికి దిగలేదనీ డాక్టరు తేల్చి వెళ్లాడు. పైనుంచి పిల్లల అల్లరి వినబడుతోంది.

"ఎవడో కంప్యూటర్లో వేలు పెట్టి గంటసేపు నా లారీలన్నీ ఆపేశాడట," అంటూ అక్క గుర్రుగా దూది చింపింది. "పప్పుల బస్తా మోస్తే మోచేతికి ఇంత గీత పడుతుందా? ఏ గొడవలో దూరావో అడగను. ఆ చెయ్యి ఇలా పెట్టు, మందు రాస్తాను."

త్రాసు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఏ మందు?"