వేగులవాడికో వేగం లెక్క

జవాబు చెప్పేలోపే చిప్ తెచ్చిన కొరియర్‌ని కాల్చేశారు. ప్రశ్న మాత్రం బతికింది.

“ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉన్న ల్యాబ్‌కెళ్ళి ఆపరేటరమ్మని ‘ఈ మెషిన్‌లో ఎలక్ట్రాన్ వేవ్‌లెంత్ ఎంత?’ అని అడుగు. సరిగ్గా చెబితేనే చిప్ ఇవ్వు,” అన్నాడు చీఫ్. “ఎలక్ట్రాన్ ఎంత జోరుగా పరిగెడితే దాని అల అంత పొట్టిది. అల పొట్టిదైతేనే చిప్ మీద చెక్కిన బుల్లి అక్షరాలు కనబడతాయి. మనలో దూరిన ముప్పై మంది ద్రోహుల పేర్లవి. ఎవర్నీ నమ్మకు. నన్ను కూడా.”

“మిమ్మల్ని ఎప్పుడు నమ్మాను సార్?” అన్నాడు ఏజెంట్ బల్లి. గోడలెక్కడంలో దిట్ట, లెక్కల్లో మొద్దు. అందుకే లెక్కలు కట్టే వాచీ ఇచ్చి పంపారు. వేగులవాడికి వేగం తెలియకపోతే ఎలా!

ల్యాబ్‌లో తెల్లకోటు, ఎర్ర లిప్‌స్టిక్ ఎదురొచ్చాయి. నవ్వు తరంగంలా ఉంది. అంతరంగం మాత్రం అంతు చిక్కలేదు.

“వేవ్‌లెంత్?” అడిగాడు బల్లి.

“మూడొందల కిలోవోల్టులకి ఒకటి పాయింట్ తొమ్మిది ఏడు పికోమీటర్లు. కాంతి వేగంలో ముప్పాతిక దాటి పరిగెత్తే ఎలక్ట్రాన్ కదండీ, రిలేటివిటీ సవరణ మర్చిపోతే రెండు పాయింట్ రెండు నాలుగొస్తుంది.”

వాచీలో పచ్చలైటు వెలిగింది. బల్లి బూటు మడమ తిప్పి చిప్ తీశాడు. అప్పుడే మెషిన్‌కి అంటించిన మాసిన కాగితం ముక్క కంటబడింది. 2.51.

వాచీని అడిగాడు. అది రెండొందల కిలోవోల్టుల లెక్కంది.

మూడొందలని బోర్డున్న మెషిన్‌కి రెండొందల లెక్కెందుకు? బల్లికి తోక తెగినట్టయింది.

“మూడొందలకి పెట్టి చూపించండి, ఇచ్చేస్తాను.”

“అదెంత భాగ్యం!” ఆమె నాబ్ తిప్పింది. రెండొందల పది, రెండొందల ఇరవై... ఢాం! లైట్లారిపోయాయి.

మూలనున్న బీరువాలోంచి ఓ ఆడగొంతు కేకేసింది. “ఎవర్రా అది? రెండొందలు దాటిస్తే పేలుతుందని ఆరేళ్ళుగా మొత్తుకుంటున్నానా లేదా! ముందు మెషిన్ ఆపండి, తర్వాత నా కట్లు విప్పండి!”

పాస్‌వర్డంటే అదీ!

చీకట్లో తెల్లకోటామె చేతిలో లిప్‌స్టిక్ గొట్టం క్లిక్‌మంది. దాంట్లోంచి దూసుకొచ్చిన తూటా ఖాళీ గోడకి తగిలింది. బల్లి అప్పటికే పైకప్పుకి అతుక్కున్నాడు. నెత్తిన బల్లి పడితే ఫలితమేమిటో ఆమెకి మరుక్షణమే తెలిసొచ్చింది.

గంట తర్వాత అసలు ఆపరేటరమ్మ చేతిలో, రెండొందల దగ్గర, మెషిన్ బుద్ధిగా నడిచింది. పేర్లు ఒక్కొక్కటే తెరమీదకొచ్చాయి.

ఫోన్ మోగింది. చీఫ్. “నా పేరుందా?”

“కనబడినవాటిలో లేదు సార్.”

“మరి నీది?”

“నాదీ లేదు. కాకపోతే చివరి రెండు పేర్లు మసగ్గా ఉన్నాయి సార్. మూడొందలకి పెడితేగానీ తేలవట.”