ఓడకు రెండో పక్క

మా ఇంటి వెనక గదిలో ఒక కిటికీ, ఒక బల్ల, బల్లకి ఇటొక స్టూలు, అటొక స్టూలు ఉంటాయి. ఆ బల్ల మీద సగం కట్టిన కర్ర ఓడ ఒకటి ఆరేళ్ళపాటు కూర్చుంది. మూరెడు పొడవు, జానెడు ఎత్తు. దాన్ని నేను నా సవతి అనేదాన్ని. మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా గుమ్మంలో గొడుగు ముడుస్తూనే, నీ సవతి కులాసానా వదినా అని అడిగేది. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే ఏడవాలి కదా.

మా ఆయన పటాలు గీసే ఆఫీసులో పనిచేసేవాడు. తోటి ఉద్యోగి ఒకాయన ఉద్యోగం మానేసి వెళ్ళిపోతూ ఆ ఓడ పెట్టెని మా ఆయన చేతిలో పెట్టాడు. ఇక నా వల్ల కాదు, మీరు కట్టండి అన్నాడట. పెట్టెలో సన్నటి చెక్క పట్టీల కట్టలు, తెరచాపల గుడ్డ, దారపు ఉండలు, వెంట్రుకంత ఇత్తడి మేకులు, ఎలా కట్టాలో బొమ్మలు వేసి చూపించే కాగితం ఉన్నాయి. అప్పటికే అడుగున వెన్ను కర్ర నిలబెట్టి, దానికి పక్కటెముకల్లాంటి ముక్కలు బిగించి, నాలుగు పట్టీలు అతికించి ఉన్నాయి. మా ఆయన ఆ సాయంత్రమే బజారుకి వెళ్ళి రెండు స్టూళ్ళు కొనుక్కొచ్చాడు. రెండోది నాకేనేమో అనుకుని కొన్నాళ్ళు ఎదురుచూశాను. పిలవలేదు.

ఆఫీసు నుంచి వచ్చేవాడు, టీ తాగేవాడు, ఆరున్నరకి ఆ గదిలో దూరి గడియ పెట్టుకునేవాడు. మళ్ళీ మనిషి మొహం కనపడేది పది దాటాకే. భోజనానికి లేవండి అని తలుపు తట్టేదాన్ని. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒక్కోసారి లోపల గుసగుసలాడుతున్నట్టు వినిపించేది. తనలో తనే గొణుక్కుంటున్నాడు అనుకునేదాన్ని. గోడలతో మాట్లాడడానికి ఓపిక ఉంటుంది కానీ పెళ్ళాంతో మాట్లాడడానికి ఉండదు అని ఒళ్ళు మండిపోయేది. ఇంట్లో బట్టల క్లిప్పులన్నీ ఆ ఓడకే కావాలి. మా తడి బట్టలు గాలికి ఎగిరి పక్కింటి గోడ మీద పడితే వెళ్ళి అడుక్కుని తెచ్చుకోవలసింది మాత్రం నేను.

ఒక పొద్దున లేచి చూస్తే పక్క ఖాళీగా ఉంది. వెనక గది తలుపు గడియ ఊడేదాకా తోశాను. బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. చేతిలో చెక్క పట్టీ ఉంది. గుండె ఆగింది అన్నాడు డాక్టరు. అందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు. నాకు మాత్రం ఏడుపు కంటే కోపమే ముందు వచ్చింది. ఆఖరి గంట కూడా దానికే ఇచ్చాడు.

పదకొండు నెలలు ఆ గదికి తాళం వేసి ఉంచాను. తర్వాత మా ఆడపడుచు వచ్చి, అన్నయ్య గుర్తుగా ఆ ఓడ నాకు ఇవ్వు వదినా అని అడిగింది. పూర్తిచేసి ఇస్తాలే అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. పంతం కావచ్చు. ఆరేళ్ళు కూర్చుని ఆయన కట్టలేనిది నేను మూడు వారాల్లో కట్టి చూపిస్తాను అనుకున్నాను. నేను కళ్ళద్దాల షాపులో అద్దాలు అరగదీస్తాను. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. నా వేళ్ళకి వెంట్రుకవాసి తేడా కూడా తెలుస్తుంది.

పని కష్టమేమీ కాదు. చెక్క పట్టీని వేడినీళ్ళ పళ్ళెంలో అరగంట నానబెట్టాలి. మెత్తబడ్డాక ఓడ ఒంపుకి వంచి, తెల్ల జిగురు రాసి, మేకులు గుచ్చి, క్లిప్పులు పెట్టి వదిలెయ్యాలి. నానిన చెక్క వాసన, జిగురు వాసన గదంతా నిండిపోతుంది. మొదటి సాయంత్రం వరసగా ఐదు పట్టీలు వేశాను, అన్నీ ఎడమ పక్కనే. మా షాపులో ఒక కన్ను అద్దం పూర్తిగా అయ్యాకే రెండో కన్ను ముట్టుకుంటాం. చేతికి అదే అలవాటు. తర్వాత కాగితం మీద బొమ్మ చూసి నాలుక కరుచుకున్నాను. ఓడకి అలా చెయ్యకూడదు. ఎడమ పక్క ఒకటి వేస్తే వెంటనే కుడి పక్క దాని జోడు వెయ్యాలి. లేకపోతే ఆరుతున్న చెక్క ఒకవైపే లాగి, ఓడ మొత్తం మెలితిరిగిపోతుంది. రేపు చూద్దాంలే అని దీపం తీసేసి, తాళం వేసి వచ్చి పడుకున్నాను.

మర్నాడు షాపు నుంచి వచ్చి చూస్తే కుడి పక్క ఐదు పట్టీలు వేసి ఉన్నాయి.

క్లిప్పుల వరస చూశాను. ఒక్కటీ వంకర లేదు. నాకంటే శుభ్రంగా ఉంది పని. తాళం చెవి నా పర్సులో ఉంది. కిటికీకి ఊచలు ఉన్నాయి. పరిగెత్తలేదు. స్టూలు మీద కూర్చుండిపోయాను. నా నోట్లోంచి వచ్చిన మాట, "వచ్చారా?"

జవాబు లేదు. చచ్చాక మాత్రం మారతాడా అనుకున్నాను.

ఇక్కడ నిజం చెప్పేస్తాను. నాకు ఓడా వద్దు, పంతమూ వద్దు. పదహారేళ్ళ కాపురంలో ఆయన కావాలని నా ఎదురుగా కూర్చుని మాట్లాడిన సాయంత్రం ఒక్కటి కూడా గుర్తులేదు. ఒక్క మాట చాలు. తిట్టయినా సరే. ఆ మాట కోసం నేను దెయ్యంతోనైనా కూర్చుంటాను అనిపించింది. ఆ మర్నాడు తల దువ్వుకుని, పెట్టెలోంచి మంచి బట్టలు తీసి కట్టుకుని మరీ ఆ గదిలోకి వెళ్ళాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

పది రోజులు అలా జరిగింది. నేను ఎడమ పక్క వేసేదాన్ని. దీపం తీసి బయటికి వస్తే, మళ్ళీ చూసేసరికి కుడి పక్క వేసి ఉండేది. పని చేస్తున్నంతసేపూ నేను మాట్లాడుతూనే ఉండేదాన్ని. షాపులో యజమాని చాదస్తం చెప్పాను, పక్కింటివాళ్ళ కుళాయి గొడవ చెప్పాను, నా మోకాలి నొప్పి చెప్పాను. ఒక్కసారీ పలకలేదు. అప్పుడు నాకు ఒక అనుమానం వచ్చింది. పరీక్షిద్దామని మూడు రోజులు పట్టీ ముట్టుకోలేదు. ఊరికే వెళ్ళి కూర్చుని కబుర్లు చెప్పి వచ్చాను. ఇంట్లో చీమ చిటుక్కుమనలేదు. నాలుగో రోజు ఒక పట్టీ వేశాను, వెంటనే దాని జోడు పడింది.

చచ్చి కూడా తిరిగొచ్చాడు, కానీ నా కోసం కాదు. ఓడ కోసం.

ఆ మర్నాడు పొద్దుటినుంచీ వాన. సాయంత్రం ఏడింటికి కరెంటు పోయింది. ఓడ ముక్కు దగ్గర ఒక్క జత పట్టీలు మిగిలాయి. ముక్కు దగ్గర ఒంపు ఎక్కువ, అక్కడ క్లిప్పు నిలవదు. జిగురు పట్టేదాకా బొటనవేళ్ళతో నొక్కి పట్టుకుని కూర్చోవలసిందే. కొవ్వొత్తి వెలిగించాను. గడియ బాగుచేయించాక మొదటిసారి లోపలినుంచి పెట్టుకున్నాను. ఈ రాత్రి తేలిపోవాలి అనుకున్నాను. పట్టీకి జిగురు రాసి, ఓడ ముక్కుకి ఆనించి నొక్కి పట్టుకుని, కొవ్వొత్తిని ఉఫ్ అని ఊదేశాను.

చీకటి. కప్పు మీద వాన. వేడి మైనం వాసన. నా వేళ్ళ కింద తడి చెక్క... దాని చల్లదనం మణికట్టు దాకా పాకింది. ఎంతసేపు గడిచిందో తెలియదు. అప్పుడు నీళ్ళ పళ్ళెంలోంచి ఏదో తీసిన చప్పుడైంది. చుక్కలు బల్ల మీద పడ్డాయి... టప్... టప్. ఎదుటి స్టూలు కిర్రుమంది. ఓడ కొంచెం నావైపు జరిగింది. అటువైపునుంచి ఎవరో నొక్కుతున్నారు.

ఇన్నేళ్ళ ఉక్రోషం నన్ను ఊరుకోనివ్వలేదు.

"మీ పని మీకు అయిపోతోంది," అన్నాను మెల్లిగా. "నా పని కూడా చూడండి. ఒక్క మాట మాట్లాడండి. అంతకంటే ఏమీ అడగను."

ఊపిరి లేదు. వాన తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. పెళ్ళయిన కొత్తలో ఎదురుచూసిన సాయంత్రాలు, ఒక్కదాన్నే తిన్న భోజనాలు, ఈ తలుపు అవతల నిలబడి నన్ను నేను తిట్టుకున్న రోజులు, అన్నీ చెప్పేశాను. నేనంటే ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పమన్నాను. చెప్పి ఆగాను.

బల్లకి అవతలినుంచి, చాలా మర్యాదగా, ఒక గుసగుస వచ్చింది.

"మీకంటే ముందు కూర్చున్న ఆయన గురించా అడుగుతున్నారు?"

అది మా ఆయన గొంతు కాదు.

సిగ్గు విడిచి చెబుతున్నాను, భయం కంటే ముందు నాకు అవమానం కలిగింది. ఇన్ని రోజులు నేను తల దువ్వుకుని కూర్చున్నది ఎవరి ముందో కూడా తెలియదు. మా ఆయన రానే లేదు. ఓడ కోసం కూడా రాలేదు.

పట్టీ మాత్రం వదలలేదు. లేచి పారిపోవాలి, గడియ నాలుగడుగుల దూరంలో ఉంది. దానికి బదులు నేను ఏం చేశానో తెలుసా? అడిగాను.

"ఆయన... నా గురించి ఎప్పుడైనా ఏమైనా అన్నారా?"

అవతలినుంచి నొక్కుతున్న ఒత్తిడి కొంచెం తగ్గింది.

"మాటలంటూ ఏమీ అనలేదు. మీరు తలుపు తట్టినప్పుడల్లా ఏడ్చేవారు."

ఎందుకు అని అడగబోయాను. నోరు తెరిచేలోపే తలుపు మీద చప్పుడైంది.

మూడు సార్లు. మెల్లిగా.

ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. వీధి తలుపుకి తాళం నేనే వేశాను.

"లోపలే ఉన్నావా?" తలుపు అవతలినుంచి మా ఆయన గొంతు. కొంచెం దగ్గాడు, ఎప్పుడూ దగ్గినట్టే. "ఒకసారి తలుపు తియ్యి. నీతో మాట్లాడాలి."

ఆ మాట వినడానికే కదా నేను బతికింది. లేవబోయాను.

ఎదుటి గుసగుస ఈసారి దగ్గరగా వచ్చింది. నా చెంప మీద నానిన చెక్క వాసన తగిలింది.

"పలకకండి. ఆయన కాదు."

ఆగిపోయాను.

"నీతోనే," అన్నాడు బయట. "చాలా చెప్పాలి. తియ్యవా?"

"ఆయన కాదు," అంది గుసగుస, చాలా జాలిగా. "మీరు తట్టినప్పుడు ఆయనకీ ఇలాగే చెప్పేదాన్ని. వినేవారు, పాపం."

నా కళ్ళలోంచి నీళ్ళు కారి ఓడ మీద పడుతున్నాయి. నా ఎదురుగా ఉన్నదేమిటో నాకు తెలియదు. బయట ఉన్నదేమిటో కూడా తెలియదు. ఒకటి అబద్ధం. ఏది అబద్ధమో తెలుసుకోవాలంటే నేను పలకాలి... పలికితే ఏమవుతుందో... ఆరేళ్ళు ఆ తలుపు అవతల నిలబడి ఎదురుచూసినదాన్ని నేను. ఇవతల కూర్చున్నవాళ్ళకి ఎలా ఉంటుందో ఆ రాత్రి తెలిసింది.

నేను పలకలేదు.

బయట చాలాసేపు ఎదురుచూశాడు. నాకు తెలుసు, ఊపిరి వినిపిస్తూనే ఉంది. మళ్ళీ తట్టాడు. తర్వాత అడుగుల చప్పుడు వంటింటివైపు వెళ్ళింది. ఒక కంచం తీసి భోజనాల బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు.

తెల్లవారాక వేళ్ళు విప్పాను. ఓడకి రెండు పక్కలా పట్టీలు పడ్డాయి, ముక్కు దగ్గర గోరు కూడా దూరనంత బాగా కలిశాయి. ఎదుటి స్టూలు ఖాళీగా ఉంది. మా ఆడపడుచుకి ఫోన్ చేశాను. ఓడ ఇవ్వనన్నాను. ఎందుకు వదినా అని ఆ అమ్మాయి నొచ్చుకుంది. ఫోన్ పెట్టేశాను.

తర్వాత గడియ తీశాను. తలుపు బయటి పక్క, తట్టే ఎత్తులో, నాలుగు వేళ్ళ ముద్రలు ఉన్నాయి. ముట్టుకుని చూశాను. తెల్ల జిగురు. ఇంట్లో ఉన్న ఒక్క జిగురు సీసా రాత్రంతా లోపల నా మోచేతి పక్కనే ఉంది.

ముద్రలు ఇంకా ఆరలేదు.