ఇంటివాళ్ళకే బ్యాటింగ్

మెర్ల్ మామ్మ బ్యాటు తీసి నేరుగా ఇమోజెన్ చేతిలో పెట్టింది. అది చూసి టామ్సిన్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఎక్కదూ మరి! క్రిస్మస్ నాడు ఈ పెరట్లో ఆడే క్రికెట్‌కి ఒక్కటే చట్టం: బ్యాటింగ్ ఇంటివాళ్ళకే, వచ్చినవాళ్ళు ఫీల్డింగ్ చేయాల్సిందే. పక్కింటి టామ్సిన్ చిన్నప్పటి నుంచీ ఫీల్డింగే చేస్తోంది. వాళ్ళమ్మ నర్సు, పండగనాడూ డ్యూటీయే. మెట్ల మీద ఒంటరిగా కూర్చున్న పిల్లని మామ్మే కంచె ఇవతలికి పిలిచి, చల్లటి రొయ్యలూ మామిడిపండూ పెట్టి, నెత్తిన కాగితం కిరీటం తగిలించింది. అప్పటినుంచీ క్రిస్మస్ అంటే టామ్సిన్‌కి ఈ పెరడే. ఆస్ట్రేలియాలో డిసెంబరంటే నడివేసవి కాబట్టి మండే బండబర్గ్ ఎండ, కేకు మీద ముసిరే ఈగలు, తలమీద తడి తువ్వాలేసుకుని అంపైరింగ్ చేసే మామ్మ, వికెట్లుగా నిలబెట్టిన చెత్తడబ్బా.

ఇంకా మామ్మ మనవడు ఫెర్గస్. వాడంటే ఎప్పటినుంచి ఇష్టమో ఆమెకే తెలీదు.

ఆ ఫెర్గస్ ఈ ఏడు బ్రిస్బేన్ నుంచి తన ఆఫీసు అమ్మాయిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమెకి బ్యాటిచ్చారంటే అర్థమేమిటి? ఇంటి కోడలనేగా!

"బౌలింగ్ నేను వేస్తా," అంది టామ్సిన్.

"మెల్లిగా వెయ్యవే, ఆమెకి ఆట రాదు," అన్నాడు ఫెర్గస్.

"అయ్యో పాపం, అంత సుకుమారమా!"

మొదటి బంతికే చెత్తడబ్బా ధన్‌మని మోగింది. ఫెర్గస్ బాబాయి పిల్లలు ఈలలేశారు.

"అమ్మయ్య! ఇక నీడలో కూర్చోవచ్చు," అంటూ ఇమోజెన్ బ్యాటు పడేసి నవ్వుతూ వెళ్ళిపోయింది.

ఫెర్గస్ దగ్గరికొచ్చాడు. "ఏంటే నీ గొడవ? పొద్దున్నుంచీ చిటపటలాడుతున్నావ్."

"పెళ్ళెప్పుడు?"

"ఎవరికి?"

"నీకూ ఆ మహారాణికీ. బ్యాటిచ్చారుగా!"

ఫెర్గస్ తెల్లబోయాడు. "ఇమోజెన్‌తోనా? ఆమె మొగుడు ఓడలో పనిచేస్తాడు. పండక్కి ఒక్కతే ఉందని తీసుకొచ్చా. నానమ్మా! ఆమెకి బ్యాటెందుకిచ్చావ్?"

"నువ్వు ఇంటికి తెచ్చిన మొదటి పిల్ల కదరా. కోడలేమో అనుకున్నా," అంది మామ్మ తువ్వాలు సర్దుకుంటూ. "ఇన్నేళ్ళలో నీ నోట్లోంచి ఒక్క పేరైనా ఊడిపడితేగా!"

ఫెర్గస్ చెవులు ఎర్రబడ్డాయి. వాడి చూపు ఎవరివైపు తిరిగిందో పెరట్లో అందరూ చూశారు. టామ్సిన్ కూడా చూసింది. ఇంకో ఏడాది ఫీల్డింగ్ చేస్తూ ఊరుకుంటే ఈ మొద్దు ఇలాగే చెవులు ఎర్రజేసుకుంటూ ఉంటాడు, ఏదో ఒక పండక్కి నిజంగానే ఎవర్నో తెచ్చేస్తాడు. అప్పుడు ఈ పెరట్లో తను ఇక అడుగు పెట్టగలదా?

వంగి బ్యాటు తీసుకుంది. "నేను ఆడతా."

"చట్టం తెలుసుగా అమ్మాయ్?" అంది మామ్మ.

"తెలుసు కాబట్టే ఆడతానంటున్నా మామ్మా. ఒరేయ్ ఫెర్గస్, నువ్వంటే నాకిష్టం. ఇంటిదాన్నై బ్యాటింగ్ చేస్తా. నీకేమైనా అభ్యంతరమా?"

ఫెర్గస్ బంతి ఏరుకుని ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"అభ్యంతరమా? పిచ్చిదానా! ఈ మాట చెబుదామనే ప్రతి క్రిస్మస్‌కీ ఊరొస్తున్నా. నీ మొహం చూడగానే నోరు పెగలడం లేదు."

"ముచ్చట్లు తర్వాత. బంతెయ్యరా!" అని అరిచింది మామ్మ.

ఫెర్గస్ వేసిన బంతి లడ్డూలా వచ్చి ముందు పడింది. టామ్సిన్ లాగి కొట్టింది. అది కంచె దాటి వాళ్ళమ్మ టమాటా మొక్కల్లో పడింది.

"కంచె దాటితే ఔటు! కొట్టినవాళ్ళే తెచ్చుకోవాలి!" అని పిల్లలు గోల చేశారు.

"ఎవర్రా అది?" కంచె అవతల, ఈ ఏడు సెలవు దొరికిన అమ్మ కేకేసింది.

టామ్సిన్ బ్యాటు మామ్మకిచ్చి ఫెర్గస్ చెయ్యి పట్టుకుంది. "పద."

"ఒక్క బంతికి ఇద్దరెందుకే?"

"బంతి నేను తెచ్చుకుంటాలే. నువ్వు మా అమ్మని అడుగు."