అడిగితేనే చెప్పే శ్వాసరక్ష

చంద్రుడి మీద నేలకింద కట్టిన ఆ గని ఊళ్లో నాలుగు వందల పన్నెండు మందీ ఊపిరి తగ్గితే కనిపెట్టే శ్వాసరక్షను ఛాతీకి పెట్టుకునే నిద్రపోతారు. దాని యూఎస్‌బీ తీగ మంచం పక్కన గాలి పంపే యంత్రానికి తగిలించి ఉంటుంది. యంత్రం అడిగితేనే శ్వాసరక్ష జవాబు చెబుతుంది. తనంతట తాను నోరు విప్పదు. యంత్రం కునుకులో ఉన్నప్పుడు మాత్రం మేల్కొలుపు సంకేతంతో దాన్ని తట్టి లేపగలదు. లేచిన యంత్రం గట్టిగా మోగి గాలి పెంచుతుంది.

పదకొండు రోజుల క్రితం రత్నాకర్ నిద్రలోనే ఊపిరాడక చనిపోయాడు. యంత్రం లేవలేదు. ఎందుకో తేల్చి ఆ రెంటినీ మాట్లాడించే ప్రోగ్రామును, అంటే కొత్త డ్రైవర్‌ను, రాసే పనిని అతని భార్య హైమవతి అడిగి తీసుకుంది.

బల్ల మీద ఆ పనికి తెచ్చిన రెండు చిన్న లినక్స్ కంప్యూటర్ బోర్డులున్నాయి.

"వేగంగా ఉన్నది తీసుకుందామమ్మా," అన్నాడు పెద్ద ఇంజనీరు ఏసుపాదం. "వారంలో అయిపోద్ది. ఆ రెండోది నత్తకి తమ్ముడు."

"వేగంగా ఉన్నది మూసిన పెట్టె, బాబాయ్. లోపలేం జరుగుతుందో చూపించదు. ఈ నత్తకి రెండు పోర్టులున్నాయి. ఒకటి యంత్రంలా అడుగుతుంది, ఇంకోటి శ్వాసరక్షలా జవాబిస్తుంది. మధ్యలో పెడితే అటూ ఇటూ పోయే ప్రతి మాటా కనబడుతుంది."

"కనబడ్డవన్నీ చూడగలవా?"

హైమవతి రత్నాకర్ శ్వాసరక్షను గాజుపెట్టెలో ఉంచి, నత్త మీదుగా అతని యంత్రానికి కలిపి, పెట్టెలో గాలి తగ్గించింది.

తెర మీద వరుసలు కదిలాయి. శ్వాసరక్ష తట్టింది. యంత్రం లేవలేదు. మళ్లీ తట్టింది. అలా అరవై మూడు సార్లు.

చివర ఒక వరుస: మేల్కొలుపు అనుమతి లేదు. తీసేసినవారు హైమవతి.

"దాని మోతకి మూడు రోజులు నిద్రపోలేదాయన," అందామె. "ఊరికే మోగుతోందని ఆపాను."

ఏసుపాదం మిగతా యంత్రాల వివరాలు తెర మీద తెరిచి చూశాడు. మూడు వందల తొంభై మంచాల దగ్గర అదే వరుస. తీసేసినవారు: తల్లి, భార్య, కొడుకు.

"ఇది పై అధికారులకి పంపితే ఇవాళే అన్నీ సరిచేస్తారు," అంది హైమవతి. "నా పేరూ చదువుతారు."

రెండో షిఫ్టు వాళ్లు పడుకునే గంట మోగింది.

ఏసుపాదం వేగంగా ఉన్న బోర్డును ముందుకు జరిపాడు.

"నత్త పనికి రాలేదని రాస్తాను. ఈ వరుసలున్న లాగ్ తుడిచేస్తా. మిగతావాళ్ల సంగతి కొత్త డ్రైవర్ వచ్చాక చూద్దాం. ముందు నువ్వు కాస్త నిద్రపోవాలి గదా, తల్లీ."

హైమవతి వద్దనలేదు.