కంపు పోయిన ట్యాంకు

"మురుగునీటి శుద్ధి ప్లాంటు. నీ వేషం పంపుల మెకానిక్. అక్కడ లేడీ కెమిస్ట్ మన మనిషే. కోడ్ వర్డ్ 'నిమ్మకాయ'. వెళ్ళు."

చీఫ్ బ్రీఫింగు అరనిమిషంలో ముగిసింది.

విదేశీ ముఠా ప్లాను కూడా అంతే క్లుప్తం. ఆ ప్లాంటులో హోటళ్ళ ఎంగిలి, కుళ్ళిన కూరగాయలు ఓ ట్యాంకులో అయిదు రోజులు మూతపెట్టి పులియబెడతారు. ఆ పుల్లటి రసమే మురుగును శుభ్రం చేసే బాక్టీరియాకు మేత. మేతలో విషం కలిస్తే బాక్టీరియా చచ్చి, మురుగు మురుగులాగే నదిలోకి పోతుంది. దిగువన ఊరంతా తాగేది ఆ నీళ్ళే. ఏజెంట్ అక్క ఇల్లూ అక్కడే. ఆమెకు నెలల పాప.

కెమిస్ట్ మహా అందగత్తె. ముక్కుకు సెంటు రుమాలు అడ్డంపెట్టుకుని "నిమ్మకాయ" అంది. మనవాడు ఇట్టే నమ్మేశాడు. ట్యాంకు పైకెక్కిన మరుక్షణం అతని బేడీలే అతని చేతులకు పడ్డాయి, వెనక్కి విరిచి, రెయిలింగుకు.

"డబుల్ ఏజెంటువా!"

"మీ చీఫ్‌కి చెప్పకండేం. విషం పొద్దున్నే కలిపేశాను. నాలుగింటికి మేత వదిలే వాల్వ్ తిప్పుతారు."

హైహీల్స్ టకటకలాడిస్తూ వెళ్ళిపోయింది.

మూడూ యాభై ఎనిమిది. పెన్నులో కెమెరా ఉంది, బూటులో కత్తి ఉంది, ఏదీ అందదు. కింద ముసలి ఆపరేటర్ వాల్వ్ దగ్గరికి నడుస్తున్నాడు. ఏజెంట్ గొంతు చించుకున్నాడు. గాలి కొట్టే బ్లోయర్ల హోరులో అతని కేక అతనికే వినపడలేదు. పాలసీసాలో నీళ్ళు పోస్తున్న అక్క కళ్ళముందు మెదిలింది. నేర్చిన విద్యంతా దండగైంది. ఏడుపొచ్చేసింది.

ఆపరేటర్ వాల్వ్ మీద చెయ్యి వేశాడు. ఏజెంట్ కళ్ళు మూసుకున్నాడు.

అయితే ఆ ముసలాయన మీటర్లను నమ్మే రకం కాదు. శాంపిల్ కుళాయి కింద మగ్గు పట్టి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. మొహం చిట్లించి, వాల్వ్‌కి తాళం వేసి, నిచ్చెనెక్కి పైకొచ్చాడు.

"అయ్యో, మిమ్మల్నెవరు కట్టేశారు బాబూ? ఇందులో ఎవరేం కలిపారో చూశారా? నిన్నటిదాకా కడుపులో తిప్పేంత కంపు. ఇవాళ కంపూ లేదు, నురగా లేదు. పులుపంతా చచ్చింది. చచ్చిన మేత నేను పెట్టను."

పులియబెట్టే బాక్టీరియానూ ఆ విషం చంపుతుందని అంత చదివిన కెమిస్టుకి తట్టలేదు. దుర్వాసన వదిలిందని సంబరపడి ఉంటుంది.

పాప బతికిపోయింది. అందుకు ఏజెంట్ చేసింది మాత్రం ఏమీ లేదు.

"కంప్లయింటు రాస్తాను, సాక్షి సంతకం పెట్టండి" అని ఆపరేటర్ కాగితం తీశాడు. బేడీలు చూసి ఆగాడు. "పోన్లెండి, వేలిముద్ర చాలు."